ముప్పై ఎనిమిది మంది నమ్మకస్తులు

అల్లాబకాష్‌ను చంపినది ఎవరు?

2018 నవంబరులో, రాళ్ళవాగు మండలం సంతలో, ట్రాన్స్‌ఫార్మర్ బాగు చేయడానికి వచ్చిన ఆ ఎలక్ట్రీషియన్‌ను పిల్లలనెత్తుకుపోయేవాడని జనం కొట్టి చంపారు. కర్రలు పట్టినవారు పదకొండు మంది. వారి పేర్లు చార్జిషీటులో ఉన్నాయి. "వాడి సంచిలో మత్తుమందు ఉంది" అన్న సందేశాన్ని చదివి, నలుగురికి పంపి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నవారు ఆరు వేల పైచిలుకు. వారి పేర్లు ఎక్కడా లేవు. సంచిలో దొరికినవి ఒక టెస్టరు, ఫ్యూజు తీగ, కూతురికి కొన్న రబ్బరు చెప్పులు. మొదటి సందేశం ఎవరిదని జిల్లా పోలీసులు నెల రోజులు అడిగారు. ఎవరూ చెప్పలేదు. అది పుట్టిన ఫోను నంబరు మాత్రం యు.ఎ.ఇ.ది.

మూడు నెలల తరువాత, ఒక గురువారం మధ్యాహ్నం, అబుదాబి శివార్లలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా గంట మోగింది. వాకిట్లో ట్యూషన్ సెంటర్ బోర్డు ఉంది. లోపల పిల్లలెవరూ లేరు.

"కారు ఏసీ కూడా చూస్తారా?" తలుపు సందులోంచి ఒక గొంతు అడిగింది.

"చూస్తానండి. గ్యాసు మాత్రం మీరే తెచ్చుకోవాలి."

తలుపు తెరుచుకుంది. వచ్చినవాడి పేరు దేవరాజు. వయసు నలభై ఏడు, ఊరు నరసాపురం. భారత గూఢచార శాఖ అతణ్ణి పదకొండేళ్ళుగా గల్ఫ్‌లో ఏసీ మెకానిక్‌గా తిప్పుతోంది. ఆ వేషాన్ని ఎంచుకున్నవారిలో ఎవరికో బుర్ర ఉంది. ఫిబ్రవరిలోనైనా, ఆగస్టులోనైనా దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌ను ఆపగల గార్డు ఇంతవరకు పుట్టలేదు.

తలుపు తీసినవాడు రామ్మోహనరావు, గల్ఫ్ డెస్క్ కంట్రోలర్. ఇస్త్రీ చెదరని మనిషి. ప్రజల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఫైలు గురించి మాట్లాడినట్లే ఉంటుంది.

"కూర్చోండి. టార్గెట్, నార్త్ లాంటర్న్ అనే విదేశీ కన్సల్టెన్సీ. డైరెక్టర్ పేరు మోరెల్. ఎన్ని పాస్‌పోర్టులు అడిగితే అన్ని చూపిస్తాడు. వీళ్ళు 'పలకరింపు' అని ఒక యాప్ వదిలారు. ఉచిత వీడియో కాల్స్."

"మా క్యాంపులో అందరి దగ్గరా ఉందండి. మామూలు యాపుల్లో వీడియో కాల్ ఇక్కడ పనిచెయ్యదు కదా. నా ఫోన్లోనూ ఉంది."

రామ్మోహనరావు తలెత్తాడు. "తీసేయండి."

"సరేనండి."

"ఆ యాప్ ఉన్న ఫోను నుంచి, యజమానికి తెలియకుండా, యజమాని పేరు మీద అతని ఊరి గ్రూపులకు సందేశం పంపవచ్చు. అపరిచితుడి అబద్ధాన్ని పల్లె నమ్మదు. దుబాయ్ నుంచి బిడ్డ పంపిన అబద్ధాన్ని నమ్ముతుంది."

"ఏ పార్టీ కోసమండి?"

"ఆదివారం రాళ్ళవాగులో ఉప ఎన్నిక. రెండు ప్రధాన పక్షాలూ వీళ్ళ దగ్గరే కొన్నాయి. ఒకరికి భయం అమ్మారు, మరొకరికి కోపం. సరుకు ఒకటే, లేబుల్ వేరు. రేపు సాయంత్రం ఐదుకు అక్కడ ప్రచారం ముగుస్తుంది. సరిగ్గా ఆ నిమిషానికి, అంటే ఇక్కడ మూడున్నరకు, ఒక సందేశం విడుదలవుతుంది. వాళ్ళు పెట్టుకున్న పేరు 'పాలపిట్ట'. అందులో ఏముందో తెలియదు. కాపీ తీసుకురండి."

"ఆపమంటారా?"

"కాపీ తీసుకురండి," రామ్మోహనరావు మళ్ళీ అన్నాడు. "సిస్టమ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. లోపల మన మనిషి ఉంది. నిఖిత."

నిఖితను పరిచయం చేయనక్కరలేదని ఆమె అభిప్రాయం. పద్నాలుగు లక్షల ఫాలోయర్లు. ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం, పడవ మీద కాఫీ, వారానికొకసారి నిజాయితీ మీద ఒక నిమిషం ఉపన్యాసం. నార్త్ లాంటర్న్‌కు తెలుగు కంటెంట్ హెడ్. రెండు నెలలుగా మన శాఖకు ఇన్ఫార్మర్ కూడా.

శుక్రవారం ఒంటి గంటకు దేవరాజు టూల్ బ్యాగు భుజాన వేసుకుని దుబాయ్‌లోని ఒక గాజు టవరు ఇరవై ఆరో అంతస్తులో దిగాడు. సెలవు రోజు. ఆఫీసుల్లో ఏసీ సర్వీసింగు జరిగేది అప్పుడే. గార్డు సంచి తెరిచి చూశాడు: ఇత్తడి వెల్డింగు టార్చి, రాగి గొట్టాలు, గ్యాసు ఒత్తిడి కొలిచే జంట మీటర్లు. ఎడమ మీటరు గ్యాసును కొలుస్తుంది. కుడి మీటరు వెనుక ఒక కేబుల్ ఉంది. అది ఏ కంప్యూటరుకు తగిలిస్తే ఆ కంప్యూటరును నాలుగు నిమిషాల్లో మింగుతుంది.

"అంకుల్, షూస్ తీసేయండి ప్లీజ్. కార్పెట్ వైట్," అంది నిఖిత. తెల్ల పట్టు గౌను, అరచేతిలో ఫోను. ఆమె మనుషులతో మాట్లాడుతున్నప్పుడు కూడా కెమెరా ఎక్కడుందో వెతుక్కుంటుంది.

"ఈ గదిలో చల్లదనం చాలదన్నారు," దేవరాజు కోడ్ వాక్యం పలికాడు.

"చల్లదనం సరిపోతుంది, గాలే రావట్లేదు," ఆమె జవాబు చెప్పి, సర్వర్ గది తలుపు తన వేలిముద్రతో తెరిచింది. "హరీ అప్. నాకు మూడింటికి షూట్ ఉంది."

దేవరాజు కేబుల్ తగిలించాడు. మీటరు ముల్లు మెల్లగా కదిలింది. తెరమీద 'పాలపిట్ట' తెరుచుకుంది.

ఒక పట్టిక. ముప్పై ఎనిమిది పేర్లు, ముప్పై ఎనిమిది ఫోను నంబర్లు. మండలంలోని ముప్పై ఎనిమిది ఊరి గ్రూపుల్లో ఎవరి మాట చెల్లుతుందో యంత్రం లెక్కకట్టి తేల్చిన నమ్మకస్తులు. అందరి చిరునామా ఒకటే: షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేబర్ క్యాంపు. మండలం మనుషులందరూ వీసా ఇచ్చిన ఒకే యజమాని, ఒకే కఫీల్ కింద పనికి వచ్చినవారు. జాబితాలో మొదటి పేరు ఇమామ్ హుస్సేన్, కార్ ఎలక్ట్రీషియన్. విశ్వాస స్కోరు నూటికి తొంభై ఒకటి. కారణం అన్న గడిలో యంత్రం ఇలా రాసుకుంది: మండలంలోని రెండు వందల పైగా తల్లులకు ఇతని ఫోను నంబరు తెలుసు.

దాని కింద సందేశం. "నేను మీ ఇమామ్ హుస్సేన్‌ను. సబ్‌సెంటర్ నర్సు పీరాంబీ మన పిల్లలకు వేస్తున్నది టీకా కాదు, విషం. దుబాయ్‌లో వార్తల్లో వచ్చింది. ఆమె ఊరు దాటకముందే పట్టుకోండి." జతగా ఒక ఫొటో: ఏడుస్తున్న పసిపిల్ల, సూది పట్టిన చేయి. ఇమామ్ హుస్సేన్ ఫోను నుంచి మొదలై, క్షణంలో మిగిలిన ముప్పై ఏడు ఫోన్లు దానిని బలపరుస్తాయి.

దేవరాజు రెండు గడులను మార్చి మార్చి చూశాడు. టార్గెట్ పీరాంబీ ఫోను నంబరు ఒక గడిలో ఉంది. ఇమామ్ హుస్సేన్ తరచుగా కాల్ చేసే నంబరు మరొక గడిలో ఉంది. రెండూ ఒకటే. అతని ఫోనులో ఆ నంబరుకు ఉన్న పేరు: అమ్మ.

కొడుకును ఊరు ఎందుకు నమ్ముతున్నదో యంత్రం కనిపెట్టలేకపోయింది. అతడు ఊరికి కాన్పులు చేసే నర్సమ్మ కొడుకు. కాన్పుకు ముందు, జ్వరానికి, తేలు కాటుకు ఆమె ఫోను ఎత్తకపోతే ఊరి ఆడవాళ్ళు అతనికి ఫోను చేసి అమ్మను లేపమంటారు. అంత సంబంధాన్ని కొలిచి, తూచి, ఆ తల్లినే చంపడానికి వాడుకుంటున్నారు. ఇంత మేధకు ఇంత మూర్ఖత్వం తోడైతేనే దానికి మార్కెట్లో 'ఇన్‌సైట్' అని పేరు.

"ఏమ్మా, కొడుకు పేరు మీద తల్లిని చంపిస్తున్నారు. చూశావా?" అన్నాడు దేవరాజు.

నిఖిత తెరకేసి తొంగి చూసింది. "ఓ! అది మిస్ అయ్యాం. ఇంట్రెస్టింగ్." భుజాలెగరేసింది. "బట్ అంకుల్, ఇట్స్ జస్ట్ కంటెంట్. ఎవరూ నిజంగా ఏం చేయరు."

"అల్లాబకాష్‌ని చేశారు కదమ్మా."

"అది నా క్యాంపెయిన్ కాదు. నేను జాయిన్ అయ్యే ముందు."

ఆమె నవ్వి, వెనక్కి అడుగు వేసి, తలుపు మూసింది. తాళం టక్కుమంది. గోడలోని స్పీకరులో ఒక మగ గొంతు, తొందర లేని ఇంగ్లీషులో పలికింది. మోరెల్.

"స్వాగతం. మీరు వస్తున్నట్లు నిఖిత మాకు మంగళవారమే చెప్పింది. మీరామెకు జీతం ఇచ్చారు. మేము ఫాలోయర్లను ఇచ్చాం. మీ పోటీ మొదటి రోజే ముగిసింది."

"ఆ నర్సు మీకేం చేసింది?"

"ఏమీ చేయలేదు. పేరు సరిపోయింది. ఒక్క విషయం అర్థం చేసుకోండి, మేము ద్వేషాన్ని తయారు చేయం. మీవాళ్ళ ఇళ్ళలో నిల్వ ఉన్నదాన్ని డెలివరీ చేస్తాం. సర్వరును పగలగొట్టుకోండి, మరొకటి వేరే దేశంలో ఉంది. మూడున్నర వరకు చల్లగా కూర్చోండి."

గడియారం ఒకటి యాభై. గదిలో సిగ్నల్ లేదు. దేవరాజు తిట్టలేదు, తలుపు బాదలేదు. సంచిలోంచి టార్చి తీసి వెలిగించాడు. చెమట తుడుచుకునే గుడ్డను కంప్రెసరు నూనెలో ముంచి, దానికి నిప్పంటించి, స్టూలెక్కి పైకప్పులోని పొగ గుర్తించే పరికరం కింద పట్టుకున్నాడు. మనుషులను నమ్మని భవనం కూడా పొగను నమ్ముతుంది. అలారం మోగిన మరుక్షణం, నిబంధన ప్రకారం, ఇరవై ఆరో అంతస్తులోని తాళాలన్నీ వాటంతటవే వదులైపోయాయి.

మెట్ల మీద గార్డులు, వంటవాళ్ళు దిగుతున్నారు. వారి మధ్య నిఖిత, ఒక చేతిలో హైహీల్స్, మరొక చేతిలో ఫోను. "గైజ్, ఐ యామ్ లిటరల్లీ షేకింగ్," అని పద్నాలుగు లక్షల మందికి చెబుతోంది. పక్కనుంచి దిగిపోయిన ఏసీ మెకానిక్‌ను ఆమె గమనించలేదు. అతడు ఫ్రేములో లేడు.

రెండు ఇరవైకి, వ్యాన్ స్టార్టు చేస్తూ, దేవరాజు రామ్మోహనరావుకు ఫోను చేశాడు.

"కాపీ?"

"దొరికిందండి. నిఖిత మోసం చేసింది. సార్, మూడున్నరకి ఒక నర్సుని చంపించబోతున్నారు. పీరాంబీ అని. ఊరి పోలీసులకి ఇప్పుడే చెప్పించండి."

"తెలియజేస్తాం. సరైన మార్గంలో. సోమవారం నోట్ వెళుతుంది."

"ఎలక్షన్ ఆదివారం కదండీ. ఆవిడ సాయంత్రానికే ఉండదు."

"దేవరాజూ, ఆలోచించండి. అలాంటి యాప్ రేపు మన చేతిలో ఉంటే ఎంత ఉపయోగం? ఇప్పుడు కదిలిస్తే మోరెల్ దానిని మూసేస్తాడు. ఒక్క మనిషి కోసం..."

దేవరాజు ఫోను కట్టేశాడు. పదకొండేళ్ళ సర్వీసులో అతడు పై అధికారి మాట మధ్యలో ఆపడం అదే మొదటిసారి. శుక్రవారం కాబట్టి షార్జా రోడ్డు ఖాళీగా ఉంది.

మూడు గంటల ఐదు నిమిషాలకు అతడు క్యాంపు మెస్సులో అడుగు పెట్టాడు. జుమ్మా నమాజు ముగిసింది. బగారన్నం, మటన్, బకెట్టంత గిన్నెలో పచ్చిపులుసు. ప్రతి పళ్ళెం ముందూ నీళ్ళ సీసాకు ఆనించిన ఒక ఫోను. ప్రతి ఫోనులో ఒక ఇల్లు. ఇక్కడ మగవాళ్ళు తింటుంటే అక్కడ ఆడవాళ్ళు టీ తాగుతున్నారు. వారానికొకసారి కుటుంబాలు కలిసి కూర్చునేది అలాగే. నార్త్ లాంటర్న్ ఆ వేళను తెలిసే ఎంచుకుంది.

"ఇమామ్ హుస్సేన్ ఎవరండి?"

"నేనే. ఏం పని భయ్యా? ఏసీ మంచిగనే నడుస్తుంది గద," అన్నాడు ముప్పై ఏళ్ళ బక్కపలచని మనిషి, ముద్ద కలుపుతూ.

దేవరాజు ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. యాప్ తీసేయాలి, ముప్పై ఎనిమిది మందీ, మూడున్నర లోపల. గది మొత్తం నవ్వింది.

"ఆంధ్రా అన్న మంచి కథ తెచ్చిండు," అన్నాడొకడు.

"తీసేస్తే నా బిడ్డ మొఖం నువ్వు సూపిస్తవా?" లింబాద్రి అనే మేస్త్రీ పళ్ళెం నెట్టి లేచాడు. "నేను ఈడికొచ్చినంక పుట్టింది పిల్ల. దాన్ని ఎత్తుకోలే, ముద్దు వెట్టుకోలే. ఈ ఫోన్ల సూసుడే. యల్లా, నడువ్!"

ఊరు పేరు లేని సందేశాన్ని తెల్లారేసరికి ఆరు వేల మందికి పంచగల జాతి, ఎదుట నిలబడి తన పేరు చెప్పి మాట్లాడే మనిషిని నమ్మలేదు. దేవరాజు వాదించలేదు. కాపీ తెరిచి, సందేశాన్ని మొదటి అక్షరం నుంచి గట్టిగా చదివాడు. "నేను మీ ఇమామ్ హుస్సేన్‌ను. సబ్‌సెంటర్ నర్సు పీరాంబీ..."

ఇమామ్ హుస్సేన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

లింబాద్రి ఫోనులోంచి ఒక ముసలి గొంతు గయ్యిమంది. అతని తల్లి కిష్టవ్వ. "ఎవడ్రా వాడు? పీరాంబి సూదిల విషమా? నీ బొడ్డు కోసింది ఆమెనే గదరా! వాని నోట్ల మన్ను వడ!" తరువాత ఆమె గొంతు తగ్గింది. "గని... ఇమామ్ పంపిండంటే నిజమేనేమో అనుకుంటుంటి కొడుకా. సొంత కొడుకే చెప్పినంక, ఎట్ల నమ్మకుంట?"

ఇమామ్ హుస్సేన్ ఎడమ చేత్తో ఫోను తీసి, యాప్ మీద వేలు నొక్కి పట్టాడు. పోయింది. లింబాద్రి తెరను ఒక్కసారి ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"అమ్మా, పిల్లను జెర ఇటు తిప్పు."

చూశాడు. తరువాత తీసేశాడు. "చలో! పై అంతస్తు నేను జూస్త. ఒక్కడ్ని గూడ ఇడువకుండ్రి!"

తరువాతి పద్దెనిమిది నిమిషాలు ఆ క్యాంపులో మూడు అంతస్తుల మెట్లు దద్దరిల్లాయి. నిద్రపోతున్నవారిని లేపారు, స్నానం చేస్తున్నవారిని తడి ఒంటితో బయటికి లాగారు. దేవరాజు జాబితాలో ఒక్కొక్క పేరు కొట్టేస్తూ వచ్చాడు. ఇరవై. ముప్పై ఒకటి. ముప్పై ఏడు.

"నర్సయ్య ఎవరు?"

"డ్యూటీకి పోయిండు. ఓవర్‌టైం," అన్నాడు ఇమామ్ హుస్సేన్.

"ఫోను?"

"ఈడనే. ఛార్జింగు."

మెస్సు అల్మారా పైన ఫోను పచ్చ దీపంతో మెరుస్తోంది. లాక్ నంబరు ఎవరికీ తెలియదు. మూడు ఇరవై తొమ్మిది. ఒకడు నర్సయ్య పుట్టిన సంవత్సరం కొట్టాడు, కాదు. ఒకడు అతని బండి నంబరు చెప్పాడు, కాదు. తెరమీద దానంతటదే ఒక చిన్న గుర్తు తిరగడం మొదలైంది. యాప్ మేలుకుంటోంది. ఇరవై సెకన్లు. పది.

ఇమామ్ హుస్సేన్ దానిని లాక్కుని, పచ్చిపులుసు గిన్నెలో మోచేతి దాకా ముంచాడు. ఉల్లిపాయ ముక్కల మధ్య తెర ఒకసారి నీలంగా వెలిగి, ఆరిపోయింది. గోడ గడియారం మూడున్నర చూపించింది.

అక్కడ ఉన్నవారందరి ఫోన్లూ బల్లమీద ఉన్నాయి. ఒక్కటీ మోగలేదు.

"స్విచాఫ్ చేసినా సరిపోయేదండి," దేవరాజు ఊపిరి పీల్చుకుని, మెల్లగా అన్నాడు.

ఇమామ్ హుస్సేన్ పులుసు కారుతున్న చేతిని చూసుకున్నాడు. "మా అమ్మ గద భయ్యా. గప్పుడు గదంత ఎవనికి యాదికొస్తది?"

ఇరవై ఆరో అంతస్తులో మోరెల్ తెరమీద ముప్పై ఎనిమిది సున్నాలు వరుసగా నిలిచాయి. కోట్ల మంది ఇష్టాయిష్టాలను చదివిన ఆ యంత్రంలో పచ్చిపులుసుకు గడి లేదు.

ఇమామ్ హుస్సేన్ మామూలు కాల్ చేసి తల్లికి సంగతి చెప్పాడు, ఎన్నికలయ్యేదాకా అక్క ఇంట్లో ఉండమన్నాడు. ఆమె కోప్పడింది: నెలలు నిండిన గర్భిణులు ముగ్గురున్నారు, తాను ఎక్కడికీ వెళ్ళనంది. నీ ముఖం కనబడటం లేదేమని అడిగింది. నెట్‌వర్కు సరిగా లేదని అతడు చెప్పాడు. ఆ సాయంత్రం అతడు చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆదివారం ఆమె వరుసలో నిలబడి ఓటు వేసింది. గెలిచిన అభ్యర్థి తన విజయానికి 'డిజిటల్ సైన్యం' కారణమని చెప్పి కన్నీరు పెట్టుకున్నాడు. ఓడినవాడు కూడా తన ఓటమికి అదే కారణమన్నాడు. నార్త్ లాంటర్న్ అద్దె గదులు ఖాళీ చేసి మరొక దేశంలో మరొక పేరుతో తేలింది. దానితో పాటే నిఖిత ఫాలోయర్లలో తొమ్మిది లక్షల మంది ఒక్క రాత్రిలో మాయమయ్యారు. మిగిలిన ఐదు లక్షల మంది మనుషులేనని ఆమె ఇప్పటికీ ప్రకటిస్తోంది.

ఢిల్లీ నుంచి దేవరాజుకు ఒక మెమో వచ్చింది: 'దేశానికి ఉపయోగపడగల ఒక వ్యవస్థను అనుమతి లేకుండా భంగపరచినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' అతడు ఒకే వాక్యం రాసి పంపాడు: ఏసీ మరమ్మతుకు వెళ్ళాను, గాలి మార్చి వచ్చాను.

ఇక మీరు. ఈ పుస్తకాన్ని బోర్లించి మీ ఫోను తీయండి. మీ కుటుంబం గ్రూపు తెరవండి. ఈ వారం మీరు అక్కడికి పంపినవాటిలో, కంటితో చూడనివి, విచారించనివి, ఎవరో పంపితే పంపినవి వెతకండి. ప్రతి ఒక్కదాని కిందా ఇలా రాయండి: "ఇది నిజమో కాదో తెలుసుకోకుండా పంపాను." దాని కింద ముద్దుపేరు కాదు, ఓటరు జాబితాలో ఉన్న మీ పూర్తి పేరు రాయండి. పిల్లలు చదువుతారని సంకోచించకండి, వారే చదవాలి. రాయండి. ఇప్పుడే.